ఆయుధ ఫ్యాక్టరీ ప్రభుత్వానిదైతే తుపాకులు దారి తప్పవా?

వెన్నెలదారి:

డిగ్రీ పిల్లల డిబేట్ టీమ్‌ని నేను చూసుకుంటాను. ఈసారి వాళ్లకి వచ్చిన అంశం "ఆయుధాల తయారీ పూర్తిగా ప్రభుత్వాల చేతిలోనే ఉండాలి". మావాళ్లు అనుకూలంగా మాట్లాడాలి. మొదట్లో ఇది సులువైన పక్షమే అనుకున్నాం. చదివే కొద్దీ నాకు సందేహాలు పెరుగుతున్నాయి.

మా వాదన ఇలా మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక నానాజాతి సమితి ఒడంబడిక 8వ అధికరణంలోనే రాసుకున్నారు, ప్రైవేటు సంస్థలు యుద్ధ సామగ్రి తయారు చేయడం మీద తీవ్రమైన అభ్యంతరాలున్నాయని. అలా రాయడానికి కారణాలు లేకపోలేదు. 1880లలో బాసిల్ జహరాఫ్ అనే ఆయుధాల వ్యాపారి నార్డెన్‌ఫెల్ట్ కంపెనీ తరఫున గ్రీసుకి ఒక జలాంతర్గామి అమ్మాడు. గ్రీసు దగ్గర ఒకటుంది కాబట్టి మీకు రెండు కావాలని వెళ్లి ఒట్టోమన్లకి రెండు అంటగట్టాడు. భయాన్ని ఒకరి దగ్గర పుట్టించి ఇంకొకరి దగ్గర సొమ్ము చేసుకోవడం అంటే ఇదే కదా. 1934 నుంచి 1936 దాకా అమెరికా సెనేట్‌లో జెరాల్డ్ నై కమిటీ ఇలాంటి వ్యవహారాల మీదే విచారణ జరిపింది. 1936లో ఫ్రాన్స్ ఆయుధ కర్మాగారాలను జాతీయం చేసే చట్టం తెచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో రాయల్ కమిషన్ ఇదే విషయం పరిశీలించి జాతీయం చేయక్కర్లేదని తేల్చింది. పక్కపక్క దేశాలు, దాదాపు ఒకే సమాచారం, రెండు వేరు నిర్ణయాలు. నా సందేహం ఇక్కడే మొదలైంది.

ఇందులో నాకు సొంత విషయం కూడా ఒకటుంది. మా తమ్ముడు ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో పనిచేసి వచ్చాడు. అక్కడ సాయుధ ముఠాల దగ్గర స్వాధీనం చేసుకున్న తుపాకులను వరసగా నేల మీద పేర్చి ఫొటోలు తీసేవారట. తుపాకీ లోహపు ఒంటి (రిసీవర్) మీద ముద్రలు చూస్తే ఒక్కోటి ఒక్కో దేశం. వాటిలో ఏ దేశమూ ఆ ప్రాంతానికి ఒక్క తుపాకీ కూడా అమ్మినట్టు చెప్పుకోలేదు. "అక్కా, ఇవన్నీ ఎక్కడో ఒకచోట పద్ధతిగా అమ్ముడైనవే" అన్నాడు వాడు. ఆ మాట నన్ను వదలడం లేదు.

ఫ్యాక్టరీ ప్రభుత్వానిదైతే ఈ చేతులు మారడం ఆగుతుందా? కొన్నవాళ్లు మళ్లీ ఇంకొకరికి అమ్మకూడదని షరతు పెడతారు కదా, అది నిజంగా పనిచేస్తుందా, లేక కాగితం మీదేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. పిల్లల చేత తప్పు మాటలు చెప్పించడం నాకు ఇష్టం లేదు.

గేజ్‌బ్లాక్:

వెన్నెలదారి గారూ, మీ రెండో ప్రశ్నకి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడున్నారు. నేను ఫ్యాక్టరీ వైపు నుంచి చెప్తాను. చాలా ఏళ్లు ప్రభుత్వ కర్మాగారంలో షెల్ బాడీల తనిఖీ విభాగంలో పనిచేశాను, తర్వాత అదే పనికి ప్రైవేటులోకి వెళ్లాను. రెండు చోట్లా పని ఒకటే. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మను ప్రెస్సు కింద గుచ్చి బోలుగా చేస్తారు, మూతి దగ్గర సన్నబరుస్తారు, హీట్ ట్రీట్‌మెంట్ ఇస్తారు, నడుముకి రాగి పట్టీ బిగిస్తారు. 155 మిల్లీమీటర్ల గుండు అంతా నింపాక 45 కిలోల దాకా తూగుతుంది. తర్వాత కొలత చూసే పరికరాలు, గో గేజ్ దూరాలి, నో-గో గేజ్ దూరకూడదు. దూరితే పక్కన పడేయాలి. అన్నీ అయ్యాక ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబర్ కొడతాం. మీ తమ్ముడు చూసిన ముద్రలు ఇలాంటి చోటే పడతాయి. ఆ అంకెలు సరిగ్గా పడకపోతే తర్వాత ప్రపంచంలో ఎవరూ దాని దారి పట్టుకోలేరు, అందుకే ఆ పంచ్ అరిగితే నేను లైన్ ఆపించేవాణ్ణి.

యజమాని ఎవరన్నది ఎక్కడ తేడా చూపిస్తుందంటే, ఆర్డర్లు లేని రోజుల్లో. ప్రైవేటు కంపెనీ ఖాళీగా ఉన్న లైన్‌ని మోయదు. అది దాని తప్పు కాదు, వాటాదార్లు ఊరుకోరు. బ్రిటన్ 1987లో రాయల్ ఆర్డ్‌నెన్స్‌ని బ్రిటిష్ ఏరోస్పేస్‌కి 19 కోట్ల పౌండ్లకి అమ్మేసింది. పేలుడు పదార్థాలు తయారయ్యే బ్రిడ్జ్‌వాటర్ ఫ్యాక్టరీ 2008లో మూతపడింది. లెక్కల్లో చూస్తే అది సరైన నిర్ణయమే. కానీ యుద్ధం వచ్చాక మందుగుండు లేని షెల్ ఉత్త ఉక్కు సీసా. ఫ్రాన్స్‌ది ఇంకా బాధ కలిగించే కథ. బెర్జెరాక్‌లో గన్‌పౌడర్ తయారీ ఆపేసి ఉత్పత్తి స్వీడన్‌కి తరలించారు. 2024 ఏప్రిల్‌లో మళ్లీ అదే ఊళ్లో కొత్త ప్లాంటుకి మెక్రాన్ వెళ్లి శంకుస్థాపన చేశాడు.

అమెరికా ఒక మధ్యేమార్గం పట్టింది, దీన్ని మీ పిల్లలు తప్పకుండా చదవాలి. తుపాకులు చేసే ప్రభుత్వ కర్మాగారం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీని 1968లో మూసేశారు. మందుగుండు ఫ్యాక్టరీలను మాత్రం వదులుకోలేదు. స్క్రాంటన్‌లో షెల్ బాడీలు చేసే ప్లాంటు సైన్యానిదే, నడిపేది జనరల్ డైనమిక్స్ అనే ప్రైవేటు కంపెనీ. హోల్‌స్టన్‌లో ఆర్‌డీఎక్స్ చేసే ప్లాంటు సైన్యానిదే, నడిపేది బీఏఈ కంపెనీ. స్థలం, షెడ్లు ప్రభుత్వానివి కాబట్టి కంపెనీ వెళ్లిపోయినా ఫ్యాక్టరీ ఉంటుంది. అలాగని ఇది మంత్రమేమీ కాదు. 2022 మొదట్లో వాళ్లు నెలకి చేస్తున్న 155 షెల్స్ 14 వేలే. దాన్ని లక్షకి తీసుకెళ్లాలని లక్ష్యం పెట్టుకుని ఏళ్ల తరబడి కష్టపడుతున్నారు.

రెండో వైపు కూడా చెప్పాలి. ప్రభుత్వ కర్మాగారంలో కొనేవాడూ ప్రభుత్వమే, తనిఖీ చేసేవాడూ ప్రభుత్వమే. మార్చి నెలాఖరుకి టార్గెట్ అందకపోతే "ఇంత చిన్న తేడాకి రిజెక్ట్ ఏంటయ్యా" అని పైనుంచి ఫోన్ వస్తుంది. ప్రైవేటులో కొనేవాడు బయటివాడు కాబట్టి అలాంటి ఫోన్ తక్కువ. మన దేశంలో 41 ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను 2021 అక్టోబరు 1న ఏడు ప్రభుత్వ కంపెనీలుగా మార్చడానికి ఇలాంటి కారణాలే చెప్పారు. అది అమ్మకం కాదు, వాటాలన్నీ ఇంకా ప్రభుత్వానివే. చాలామంది దాన్ని ప్రైవేటీకరణ అని రాస్తున్నారు, మీ పిల్లలు ఆ పొరపాటు చేయకుండా చూడండి.

పాతఫైళ్లు:

గేజ్‌బ్లాక్ గారు చెప్పినదాంతో ఏకీభవిస్తాను. నేను ఎగుమతి లైసెన్సుల కాగితాలు పరిశీలించే పనిలో ఉండి రిటైరయ్యాను. వెన్నెలదారి గారూ, మీ మొదటి ప్రశ్నకి నా సమాధానం, ఆగదు. ఎందుకో వివరంగా చెప్తాను, ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

1999 మార్చిలో ఉక్రెయిన్ నుంచి 68 టన్నుల చిన్న ఆయుధాలు ఒక ఆంటొనోవ్ విమానంలో బుర్కినా ఫాసో రాజధానికి వచ్చాయి. అమ్మింది ఉక్రెయిన్ ప్రభుత్వ సంస్థ ఉక్ర్‌స్పెట్స్ఎక్స్‌పోర్ట్. ఎండ్ యూజర్ సర్టిఫికెట్, అంటే సరుకు వాడేది తామేనని కొనే దేశం రాసిచ్చే హామీ పత్రం, ఉంది, దాని మీద బుర్కినా అధ్యక్షుడి రక్షక దళాధిపతి సంతకం ఉంది. సరుకు అక్కడ ఎన్నాళ్లో నిలవలేదు. ఒక బ్రోకర్ సొంత విమానం దాన్ని విడతల వారీగా లైబీరియాకి మోసింది. లైబీరియా మీదా, పక్కనే సియెరా లియోన్ తిరుగుబాటుదార్ల మీదా అప్పటికే భద్రతా మండలి ఆంక్షలున్నాయి. ఐరాస నిపుణుల బృందం 2000లో ఇదంతా బయటపెట్టింది. చూశారా, అమ్మింది ప్రైవేటు కంపెనీ కాదు, దొంగ సంతకం కూడా కాదు.

ఇంకొకటి. స్విట్జర్లాండ్‌లో రుఆగ్ ప్రభుత్వ కంపెనీ. అది 2003, 2004 ప్రాంతంలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కి 2 లక్షలకు పైగా చేతి గ్రెనేడ్లు అమ్మింది, ఎవరికీ ఇవ్వకూడదన్న షరతుతో. వాటిలో కొన్నిటిని ఎమిరేట్స్ జోర్డాన్‌కి ఇచ్చింది. అక్కడి నుంచి టర్కీ, టర్కీ నుంచి సిరియా. 2012లో సిరియాలో ఒక ఫొటోలో ఆ గ్రెనేడ్ కనిపించేదాకా స్విస్ వాళ్లకి తెలియలేదు.

ప్రభుత్వం తన పాత సరుకును బ్రోకర్ చేతిలో పెడితే ఏమవుతుందో 1966లో పశ్చిమ జర్మనీ చూపించింది. 1965 యుద్ధం తర్వాత భారత్‌కీ పాకిస్తాన్‌కీ అమెరికా ఆయుధాలు ఆపేసిన రోజులు. జర్మన్ వాయుసేన వాడి పక్కనపెట్టిన 90 సేబర్ యుద్ధ విమానాలు ఇరాన్‌కని పత్రాలు తయారయ్యాయి. ఇరాన్ వెళ్లాయి కూడా, అక్కడి నుంచి పాకిస్తాన్ చేరాయి. దాదాపు అప్పుడే జర్మన్ నౌకాదళం పాత సీ హాక్ యుద్ధ విమానాలు 28 ఇటలీకని బయల్దేరి భారత్‌కి వచ్చాయి. రెండు లావాదేవీల్లోనూ మధ్యలో ఉన్నది ఒకే కంపెనీ, మెరెక్స్. అప్పుడప్పుడే యుద్ధం ఆపిన రెండు దేశాలకీ ఒకే చేత్తో విమానాలు చేరాయి.

ఇక ఆ సర్టిఫికెట్ సంగతి. చాలామంది దాన్ని పెద్ద ఒప్పందం అనుకుంటారు. సాధారణంగా అది ఒకటి రెండు పేజీల కాగితం. కొనే దేశం పేరు, ఏ విభాగం, సరుకు వివరం, ఎన్ని, కాంట్రాక్టు నంబరు, "మీ రాతపూర్వక అనుమతి లేకుండా మూడో పక్షానికి ఇవ్వం" అని ఒక వాక్యం, సంతకం, ముద్ర. నా బల్ల మీదికి వచ్చినప్పుడు నేను మొదట చూసేది సంతకం కాదు, పరిమాణం. ఆ దేశ సైన్యంలో ఎంతమంది ఉన్నారు, ఈ తుపాకీకి సరిపడే తూటా వాళ్లు వాడతారా? వాళ్లు వాడని క్యాలిబర్ (తూటా సైజు) అడుగుతున్నారంటే అది వాళ్ల కోసం కాదు. తర్వాత దారి. సముద్రతీరం ఉన్న దేశం తన సరుకుని పక్క దేశం విమానాశ్రయంలో దించమంటే ఎందుకో చెప్పాలి. ఒకసారి ఒక ఏజెంటు అంతా సిద్ధమయ్యాక, విమానం ఇంకో రెండు రోజుల్లో ఎగురుతుందనగా, దిగే విమానాశ్రయం మార్చమని అడిగాడు. "చిన్న మార్పే కదా సార్" అన్నాడు. నేను ఫైలు ఆపేశాను. మా పైవాళ్ల మీద చాలా ఒత్తిడి వచ్చింది, నాకు నిద్రలేని టెన్షన్. చివరికి ఆ దేశపు రక్షణ శాఖకే మన రాయబార కార్యాలయం ద్వారా కబురు పంపితే, అసలు అలాంటి ఆర్డరే తమకు తెలియదన్నారు. సంతకం పెట్టిన అధికారి ఆ పదవి నుంచి ఎప్పుడో వెళ్లిపోయాడు.

ఆ ఒక్క కబురు పంపడమే అసలు తనిఖీ. దానికి మనిషి కావాలి, సమయం కావాలి, "వద్దు" అన్నాక ఉద్యోగం మిగలాలి. ఫ్యాక్టరీ యజమాని ఎవరన్నదానికంటే, అమ్మేవాడూ అనుమతి ఇచ్చేవాడూ ఒకరేనా అన్నది చూడాలని నేనంటాను. రష్యాలో ఆయుధ ఎగుమతులన్నీ దాదాపుగా ఒకే ప్రభుత్వ సంస్థ రోసొబొరోన్‌ఎక్స్‌పోర్ట్ గుండా వెళ్తాయి. మన దగ్గర 2024-25లో రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలు, అందులో ప్రైవేటుది 15,233 కోట్లు. ప్రభుత్వ కంపెనీలకి యాజమాన్య శాఖ రక్షణ ఉత్పత్తి విభాగం, 2029కి 50 వేల కోట్ల లక్ష్యం తరుముతున్నదీ ఆ విభాగాన్నే, ఆయుధాల ఎగుమతికి అనుమతి ఇచ్చేదీ అదే. అక్కడివాళ్ల నిజాయితీని నేను అనుమానించడం లేదు. ఒకే మనిషి నెత్తిన లక్ష్యమూ, కాదనే బాధ్యతా రెండూ పెట్టకూడదని మాత్రం నొక్కి చెప్తాను.

ప్రైవేటు కంపెనీని కనీసం కోర్టుకి ఈడ్చవచ్చు. జర్మన్ తుపాకుల కంపెనీ హెక్లర్ అండ్ కోహ్ మెక్సికోకి జీ36 రైఫిళ్లు అమ్మింది. గెరెరో, చియాపాస్, చిహువాహువా, హలిస్కో, ఈ నాలుగు రాష్ట్రాలకి వెళ్లకూడదన్నది జర్మన్ ప్రభుత్వ ఉద్దేశం. వేలల్లో వెళ్లాయి. 2014లో గెరెరోలోని ఇగ్వాలాలో 43 మంది విద్యార్థులు మాయమైన రాత్రి అక్కడి పోలీసుల దగ్గర ఆ రైఫిళ్లు కూడా ఉన్నాయి. స్టుట్‌గార్ట్ కోర్టు 2019లో తీర్పు ఇచ్చింది, 2021 మార్చిలో సుప్రీం స్థాయి కోర్టు దాన్ని సమర్థించింది, కంపెనీ నుంచి 30 లక్షల యూరోలకు పైగా జప్తు చేయమంది. అయితే ఆ తీర్పులో ఒక మాట ఉంది, దాన్ని చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎండ్ యూజర్ సర్టిఫికెట్‌లో రాసిన గమ్యం ఎగుమతి లైసెన్సులో భాగం కాదట. అంటే లైసెన్సు లేకుండా అమ్మారన్న నేరం వర్తించదు, మోసం చేసి లైసెన్సు సంపాదించారన్న నేరమే మిగిలింది. ఇన్నేళ్లుగా అందరం దేన్ని తాళం అనుకున్నామో అది తలుపుకి బిగించే లేదు.

వెన్నెలదారి:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ ధన్యవాదాలండీ. పాతఫైళ్లు గారూ, అయితే షరతు ఎక్కడా పనిచేయదా? పెద్ద ఆయుధాల విషయంలో దేశాలు అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూశాయని వార్తల్లో చదివాం కదా?

తటస్థుడు:

ఆ ఎదురుచూపుల గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడ అందరూ షరతు గట్టిగా ఉండాలనే మాట్లాడుతున్నారు. గట్టిగా ఉంటే ఎవరికి నష్టమో కూడా చూడాలి.

ఎస్టోనియా దగ్గర 122 మిల్లీమీటర్ల డీ-30 ఫిరంగులు ఉండేవి. అవి సోవియట్ నమూనా, ఒకప్పుడు తూర్పు జర్మనీ సైన్యానివి. ఆ దేశమే ఇప్పుడు లేదు. ఏకీకరణ తర్వాత జర్మనీ వాటిని ఫిన్లాండ్‌కి ఇచ్చింది, ఫిన్లాండ్ ఎస్టోనియాకి ఇచ్చింది. 2022 జనవరిలో సరిహద్దులో రష్యా సేనలు పోగవుతుంటే ఎస్టోనియా వాటిలో తొమ్మిదింటిని ఉక్రెయిన్‌కి ఇస్తానంది. ఫిన్లాండ్ అనుమతి కావాలి, జర్మనీ అనుమతీ కావాలి. జర్మనీ ఒప్పుకున్నది ఫిబ్రవరి 26న. అప్పటికి దాడి మొదలై రెండు రోజులైంది. ఆ ఫిరంగులు తయారైన రోజుల్లో ఈ దేశాల్లో సగం ఈ రూపంలో లేవు, అయినా షరతు మాత్రం బతికే ఉంది.

స్విట్జర్లాండ్ ఇంకా కఠినం. 2022లో జర్మనీ దగ్గర గెపార్డ్ విమాన విధ్వంసక ట్యాంకులకి స్విస్‌లో తయారైన 35 మిల్లీమీటర్ల తూటాలు దాదాపు 12,400 ఉండేవి. తటస్థ విధానం పేరుతో స్విస్ ప్రభుత్వం వాటిని ఉక్రెయిన్‌కి ఇవ్వనివ్వలేదు. ఏమైంది? రైన్‌మెటాల్ అనే జర్మన్ ఆయుధ కంపెనీ జర్మనీలోనే ఆ తూటాలకి కొత్త లైన్ పెట్టుకుంది. స్విస్ పరిశ్రమ మీద కొనేవాళ్లకి నమ్మకం దెబ్బతింది. చిన్న దేశం డబ్బులిచ్చి కొన్న వస్తువు మీద అమ్మినవాడి పెత్తనం యాభై ఏళ్లు ఉండటం న్యాయమా? ఇది ఆయుధాలు దారి తప్పకుండా ఆపే నియమం అంటారు గానీ నాకు చాలాసార్లు పెద్దవాళ్ల చేతిలో పగ్గంలా కనిపిస్తుంది. 1978లో స్వీడన్ తన విగెన్ విమానాన్ని భారత్‌కి అమ్మబోతే అందులో ఇంజను అమెరికా మూలం కాబట్టి అమెరికా వద్దంది. మనం బదులుగా జాగ్వార్ విమానాలు కొన్నాం. అందులో దారి తప్పే ప్రమాదం ఏముంది? ఎవరికి ఏం దక్కాలో వాళ్లు నిర్ణయించుకున్నారు, అంతే.

గేజ్‌బ్లాక్:

తటస్థుడు గారి మాటలో నిజముంది. నేను చూసిన చాలా కొనుగోళ్లలో "ఈ భాగంలో అమెరికా వస్తువు లేదు" అన్నదాన్నే అమ్మేవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. అనుమతి తలనొప్పి లేదని దాని అర్థం.

పాతఫైళ్లు:

తటస్థుడు గారూ, మీ ఉదాహరణలన్నీ ఒప్పుకుంటాను. అవి వెన్నెలదారి గారి ప్రశ్నకి సగం సమాధానం కూడా. షరతు ఎక్కడ పనిచేస్తుందో గమనించండి. ఇంజను ఉన్నచోట. 1977లో ఇజ్రాయెల్ తన కఫీర్ విమానాలు 24 ఈక్వడార్‌కి అమ్మబోతే అమెరికాలోని కార్టర్ ప్రభుత్వం ఆపగలిగింది, ఎందుకంటే లోపలున్నది అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ జే79 ఇంజను. 2018లో టర్కీ 30 టీ129 హెలికాప్టర్లు పాకిస్తాన్‌కి అమ్మడానికి సంతకాలు చేసింది, ఇంజనుకి అమెరికా అనుమతి రాలేదు, ఆ బేరం అలాగే పోయింది. కొనేవాడికి రేపు విడిభాగాలు కావాలి. ఆ అవసరమే అతన్ని మాట మీద నిలబెడుతుంది. అమెరికాలో 1976 నాటి ఆయుధ ఎగుమతి నియంత్రణ చట్టానికి అంత బలం వచ్చింది చట్టం రాతవల్ల కాదు, ఆ విడిభాగాలవల్ల.

రైఫిల్‌కి ఏ విడిభాగం కావాలి? నూనె, గుడ్డ ముక్క ఉంటే యాభై ఏళ్లు పేలుతుంది. తూటా ఎక్కడైనా దొరుకుతుంది. కాబట్టి యుద్ధ విమానం విషయంలో షరతు మితిమీరి బిగుసుకుంటుంది, తుపాకీ దగ్గర గాలికి ఎగిరిపోతుంది. ఎక్కువమందిని చంపుతున్నది రెండోదే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మనం విమానాల అనుమతుల గురించి పేజీలు పేజీలు రాస్తాం. బల్గేరియాలో తయారైన ఒక ట్యాంకు విధ్వంసక క్షిపణి 2015 డిసెంబరులో అమెరికాకి ఎగుమతి అయింది. 59 రోజుల తర్వాత ఇరాక్‌లోని రమాదీలో ఐఎస్ఐఎస్ స్థావరంలో దొరికింది. ఆయుధాల దారి వెతికే కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ సంస్థ వాళ్లు ఆ గొట్టం మీది నంబర్లు పట్టుకుని ఆ దారంతా తవ్వి తీశారు. గేజ్‌బ్లాక్ గారు లైన్ ఆపి కొట్టించిన నంబర్ల విలువ అక్కడ తెలుస్తుంది. అమెరికా, సౌదీ కొన్నవాటిని సిరియా తిరుగుబాటుదార్లకి ఇచ్చారు, అమ్మిన దేశాలను అడగకుండా. కాబట్టి షరతును తప్పేది ఎప్పుడూ చిల్లర ఏజెంట్లే అనుకోకండి.

అందుకే తటస్థుడు గారి అభ్యంతరానికి నా జవాబు షరతులు ఎత్తేయడం కాదు, రెండిటినీ విడదీయడం. ఫిరంగి, ట్యాంకు లాంటి వాటికి షరతుకి ఒక కాలపరిమితి పెట్టండి, సక్రమ ప్రభుత్వానికి ఇచ్చేటప్పుడు సమాచారం ఇస్తే చాలనండి. చిన్న ఆయుధాలకి మాత్రం ఎన్నేళ్లైనా సడలించొద్దు. జర్మనీ 2015లో ఒక మంచి నియమం పెట్టుకుంది, కొత్త తుపాకులు కొనే దేశం తీసేసిన పాతవాటిని ధ్వంసం చేయాలని. దాన్ని నేను అన్నిటికంటే గట్టిగా సమర్థిస్తాను. బజారులో తిరిగేవాటిలో చాలా భాగం కొత్త తుపాకులు కావు, కొత్తవి వచ్చాక గోదాము నుంచి బయటికి వెళ్లిన పాతవి.

వెన్నెలదారి:

మా టీమ్ అనుకూలంగానే మాట్లాడాలి కాబట్టి ఇంకో ప్రశ్న. ప్రభుత్వ యాజమాన్యాన్ని నిజాయితీగా సమర్థించగల వాదన ఏదైనా మిగిలిందా?

పాతఫైళ్లు:

మిగిలింది. గేజ్‌బ్లాక్ గారు చెప్పిన ఖాళీ లైన్ల వాదన బలమైనదే. దాన్నే ఇంకొంచెం సాగదీయండి. ఫ్యాక్టరీ బతకాలంటే స్వదేశంలో ఆర్డర్లు చాలకపోతే ఎగుమతి చేయాలి. ఎగుమతి లేకపోతే జీతాలు రావన్న పరిస్థితిలో ఏ లైసెన్సు అధికారీ గట్టిగా కాదనలేడు. ప్రభుత్వం ఖాళీ లైన్‌ని బడ్జెట్ నుంచి మోస్తే అమ్మితీరాల్సిన ఒత్తిడి తగ్గుతుంది. అంటే యాజమాన్యం నేరుగా మళ్లీ అమ్మకాన్ని ఆపదు, అడ్డదిడ్డంగా అమ్మాల్సిన అవసరాన్ని తగ్గించగలదు. ఈ వాదన నిలబడాలంటే మీ పిల్లలు ఒక షరతు ఒప్పుకోవాలి, ఆ ప్రభుత్వ కంపెనీకి ఎగుమతి లక్ష్యం పెట్టకూడదు. ఎదుటి టీమ్ తెలివైనదైతే రుఆగ్, ఉక్రెయిన్ ఉదాహరణలు తీసుకొస్తుంది, సిద్ధంగా ఉండమనండి.

ఆయుధ వ్యాపార ఒప్పందాన్ని కూడా చదివించండి. 2013 ఏప్రిల్‌లో ఐరాస సర్వసభ్య సభ ఆమోదించింది, 2014 డిసెంబరు 24 నుంచి అమల్లో ఉంది. 11వ అధికరణం పూర్తిగా సరుకు దారి మళ్లడం గురించే. చైనా 2020లో చేరింది. రష్యా, భారత్ చేరలేదు. అమెరికా సంతకం చేసి 2019లో వెనక్కి తగ్గుతున్నట్టు ప్రకటించింది. ఆ ఒప్పందంలో ఎక్కడా ఫ్యాక్టరీ యజమాని ఎవరని అడగరు. సరుకు ఎవరికి చేరుతుంది, మధ్యలో ఎవరున్నారు, అనుమతి ఇచ్చేముందు ఏం పరిశీలించారు, ఇవే అడుగుతారు.

తటస్థుడు:

కాలపరిమితి ఆలోచన నాకు నచ్చింది. అయితే "సక్రమ ప్రభుత్వం" ఎవరో తేల్చేది మళ్లీ అమ్మినవాడే కదా? 2021లో కాబూల్ పడిపోయిన రోజున దాదాపు 700 కోట్ల డాలర్ల విలువైన అమెరికా సరుకు అక్కడే ఉండిపోయింది. సంతకం పెట్టిన ప్రభుత్వం లేదు, షరతు ఎవరి మీద అమలు చేస్తారు?

పాతఫైళ్లు:

దానికి ఏ సర్టిఫికెట్టూ జవాబు కాదు, ఒప్పుకుంటాను. కూలిపోయే అవకాశమున్న చోటికి ఎంత పంపాలన్నది మొదటి లైసెన్సు రోజునే ఆలోచించాలి. అందుకే నేను పరిమాణం ముందు చూస్తానన్నది. మిగిలినదానికి మనుషులు వెళ్లి లెక్కపెట్టడమే దారి. గ్రెనేడ్ల వ్యవహారం తర్వాత స్విస్ వాళ్లు 2012 నుంచి కొన్న దేశానికి వెళ్లి చూసే హక్కు రాయించుకుంటున్నారు. తుపాకుల గది తెరిపించి, జాబితా చేతిలో పట్టుకుని, ఒక్కో సీరియల్ నంబరు చదువుతారు. వెన్నెలదారి గారూ, ఒక దేశం షరతును సీరియస్‌గా తీసుకుంటుందో లేదో తెలుసుకోవాలంటే ఆ పనికి అక్కడ ఎంతమంది ఉద్యోగులున్నారో, ఏడాదికి ఎన్ని దేశాలకి వెళ్లారో వెతకమనండి మీ పిల్లల్ని. ఎదుటి టీమ్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్నా అదే.